ఒళ్లు వెచ్చగా, గాయం చల్లగా

ఉత్తర తెలంగాణ మంత్రసానుల స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం

2024 జూన్ 16, ఆదివారం. ఒడిశా నుంచి పనికి వచ్చిన ఒక కూలీ జంట ప్రయాణం మీద కరీంనగర్ బస్టాండుకు చేరింది. ఆమెకు నెలలు నిండాయి. బస్సు ఎక్కకముందే నొప్పులు మొదలయ్యాయి. ఆర్టీసీ సిబ్బంది 108కు ఫోన్ చేశారు కానీ బిడ్డ అంబులెన్సు దాకా ఆగలేదు. బస్టాండులో పనిచేసే ఆడవాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టి పురుడు పోశారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమంగా ప్రభుత్వాసుపత్రికి చేరారు. ఆ పాపకు జీవితాంతం ఉచిత బస్ పాస్ ఇస్తామని ఆర్టీసీ ప్రకటించింది, సాయపడిన సిబ్బందిని సన్మానించింది.

ఆ కొద్దిసేపు చీరల చాటున జరిగిన పనే ఒకప్పుడు ఊరూరా మంత్రసానులు చేసిన పని. గోదావరికి ఇటు కరీంనగర్ పల్లెల్లో, అటు ఆదిలాబాద్ గూడేల్లో తరాల తరబడి బిడ్డలను చేతుల్లోకి తీసుకున్న ఆ స్త్రీల పేర్లు ఏ రిజిస్టర్లోనూ పెద్దగా కనిపించవు. వాళ్ల స్మృతిలో మాట్లాడేటప్పుడు శిలాఫలకాలకన్నా, వాళ్లు దగ్గరుండి చూసిన ఒక బాధ గురించి మాట్లాడడమే సబబు. అది పురుటి నొప్పి కాదు. పురుడు అయిపోయాక మిగిలే నొప్పి.

బిడ్డ ఏడ్వగానే గదిలో అందరి చూపూ అటు తిరుగుతుంది. బరువెంత, మగబిడ్డా ఆడబిడ్డా, ఎవరి పోలిక, మిఠాయి తెచ్చారా. బల్లమీది తల్లికి అప్పుడే కుట్లు పడుతుంటాయి. యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్య ఉండే మూడు నాలుగు సెంటీమీటర్ల జాగాను వైద్యులు పెరినియం అంటారు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు సాగి సాగి పలచబడేది అదే. ఒక్కోసారి తనంతట తానే చీలుతుంది, ఒక్కోసారి డాక్టరో నర్సో కత్తెరతో కోస్తారు. ఆ కోత పేరు ఎపిసియోటమీ. చీలిక చర్మంతో ఆగితే మొదటి తరహా, కండరం దాకా పోతే రెండోది, మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం తెగితే మూడోది, పేగు లోపొర దాకా పోతే నాలుగోది. బ్రిటన్‌లో తరచూ చెప్పే అంచనా ప్రకారం యోనిమార్గంలో ప్రసవించిన ప్రతి వంద మందిలో 85 మందికి ఏదో ఒక మేర ఆ భాగంలో గాయం అవుతుంది. మన దగ్గర తొలి కాన్పుకు కోత పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ కాబట్టి, ఇక్కడి తల్లులు అంతకన్నా సుఖంగా ఉన్నారనుకోవడానికి ఆస్కారం లేదు.

వార్డులో ఆ నొప్పి ఎలా వినిపిస్తుందో అక్కడ ఒక పూట కూర్చున్నవారికి తెలుసు. "కుట్లు గుంజుతున్నయమ్మా." "కూసోరాదు." "ఒంటికి పోతే మంట." ఇంతకు మించి చెప్పరు. అదీ తల్లితోనో అక్కతోనో గొంతు తగ్గించి చెబుతారు. తెల్లకోటు మనిషి రౌండ్సుకు వచ్చి "ఎట్లున్నది?" అంటే "మంచిగనే ఉన్న" అనేస్తారు. ఒళ్లో బిడ్డ ఉండగా అలాంటి చోటి నొప్పి గురించి మాట్లాడడం సిగ్గుమాలిన పని అని చిన్నప్పటి నుంచీ నేర్పాం మరి.

ఆ మౌనానికి మూల్యం ఉంది. నిటారుగా కూర్చోలేని తల్లి బిడ్డను సరిగ్గా రొమ్ముకు పట్టించలేదు. మంటకు భయపడి మూత్రం ఆపుకుంటుంది. కుట్లు తెగుతాయన్న భయంతో దొడ్డికి వెళ్లదు, ఆపైన మలబద్ధకం, దానివల్ల మళ్లీ నొప్పి. నిద్ర ఉండదు. మనసు కుంగుతుంది. చాలామందికి మెల్లగా తగ్గిపోయేదే అయినా, తొలి నాలుగైదు రోజులే చనుబాలు కుదురుకునే రోజులు.

ఇన్నాళ్లూ ఈ నొప్పిని లెక్కలోకి తీసుకోకపోవడానికి ఒక న్యాయమైన కారణమూ ఉంది. ముందు ప్రాణం నిలవాలి. లక్ష సజీవ జననాలకు ఎంతమంది తల్లులు చనిపోతున్నారన్న లెక్క 2014-16లో తెలంగాణలో 81గా ఉండేది. 2018-20 నాటికి అది 43కు దిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చేసరికి రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఊళ్లలో తిరిగి గర్భిణుల పేర్లు రాసుకున్న ఏఎన్ఎంలు, ఆశాలు, రాత్రి డ్యూటీ నర్సులు, 108 డ్రైవర్ల కష్టం ఉంది అందులో. ప్రాణం నిలబెట్టడం వచ్చిన వ్యవస్థ ఇప్పుడు నొప్పి తగ్గించడం కూడా నేర్చుకోవాలి. ఆ పని మొదలుపెట్టడానికి కరీంనగర్ కన్నా తగిన చోటు లేదు.

ఎందుకో చెప్పాలంటే రెండు సంగతులు కలిపి చూడాలి.

మొదటిది సిజేరియన్. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కడుపు కోసే జరిగాయి. దేశం మొత్తంమీద ఆ లెక్క 21.5. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆ సర్వేలో దేశంలో మనదే మొదటి స్థానం, రాష్ట్రంలో కరీంనగర్ జిల్లా ముందు వరుసలో. ముహూర్తం చూపించుకుని వచ్చే కుటుంబాలు, సమయం లేని డాక్టర్లు, డబ్బు లెక్కలు, ఒకసారి కోస్తే మళ్లీ కోతే అన్న అలవాటు, ఇలా కారణాలు చాలా చెబుతారు. వాటి మధ్యలో ఒక కారణం చిన్న గొంతుతో వినిపిస్తుంది: నొప్పి భయం. "మా అక్కకు నార్మల్ అయింది, నెల దాకా కూసోలేకపోయింది. నాకొద్దు." ఈ మాట అన్న పిల్లకు ఉపన్యాసాలు సరిపోవు. వాళ్ల అక్కకు ఆ రోజుల్లో ఉపశమనం అంది ఉంటే చెల్లెలి నిర్ణయం వేరుగా ఉండేదేమో.

రెండోది మిడ్‌వైఫరీ. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. అందుకు ఎంచుకున్న చోటు కరీంనగర్ ప్రభుత్వాసుపత్రి. 1948లో రెండు పడకలతో మొదలైన ఫెర్నాండెజ్ ప్రసూతి ఆసుపత్రి అనుభవం, జిల్లా ఆసుపత్రి రద్దీలో పనిచేసే నర్సుల చేతుల్లోకి వచ్చింది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. మంత్రసాని వారసత్వాన్ని చదువుతో, లైసెన్సుతో, జీతంతో మళ్లీ కాన్పు గదిలో నిలబెట్టే ప్రయత్నం ఇది. ఈ ప్రాంతం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు.

ఈ మిడ్‌వైఫ్‌లు నేర్చుకునేది ఓపిక. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టే బదులు ఆమెకు వీలైనట్టు కూర్చోనివ్వడం, పక్కకు ఒరగనివ్వడం, తోడుగా ఒక మనిషిని ఉంచడం. బిడ్డ తల కనిపించే వేళ గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన బట్టను పెరినియం మీద అదిమి ఉంచడం. అలా కాపడం పెడితే తీవ్రమైన చీలికలు తగ్గుతాయని పరిశోధనలు చెప్పాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు కూడా చేసింది. అందరికీ అలవాటుగా కోత పెట్టడం తగదని కూడా ఆ సంస్థ అప్పుడే చెప్పింది. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1742లో డబ్లిన్ వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్ ఈ కోతను మొదటిసారి వర్ణించినప్పుడు అది కష్టకాలపు ఉపాయం. 1920లో అమెరికా వైద్యుడు జోసెఫ్ డిలీ దాన్ని ముందుజాగ్రత్తగా సిఫారసు చేశాక ప్రపంచమంతా అలవాటైంది. 1993లో అర్జెంటీనాలో 2,606 మంది స్త్రీలతో జరిగిన పరీక్ష ఆ అలవాటును నిలదీసింది. అవసరమైనవారికే కోత పెట్టిన బృందంలో నొప్పి, కుట్లు మానడంలో ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. తీవ్రమైన చీలికలు పెరగలేదు.

అంటే కాన్పు వేళ వెచ్చదనం కాపాడుతుంది. కాన్పు తర్వాత? అక్కడే చల్లదనం పని మొదలవుతుంది.

కండరం చీలినచోట, కుట్టు పడినచోట రక్తనాళాల నుంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. వాపు వస్తుంది. వాపు కుట్లను లాగుతుంది. తల్లులు "గుంజుతున్నయి" అనేది సరిగ్గా దీన్నే. చల్లదనం తగలగానే అక్కడి నాళాలు ముడుచుకుంటాయి, ఊరే నీరు తగ్గుతుంది, నొప్పి కబురు మోసే నరాల వేగం మందగిస్తుంది, బిగుసుకున్న కండరం సడలుతుంది. క్రికెట్ ఆటగాడి చీలమండ బెణికితే ఫిజియో పరుగెత్తుకొచ్చి ఐస్ పెట్టేది ఇందుకే. మైదానంలో ఆటగాడికి రెండు నిమిషాల్లో అందే ఐస్, కుట్లు పడ్డ బాలింతకు రెండు రోజులైనా అందదు.

ఆధారాల విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ చల్లదనం మీద జరిగిన పరీక్షలను కాక్రేన్ సంస్థ 2020లో మళ్లీ సమీక్షించింది. పది పరీక్షలు, 1,200కు పైగా స్త్రీలు. మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి కొంత తగ్గవచ్చని తేలింది, కానీ పరీక్షలు చిన్నవి కాబట్టి గట్టిగా చెప్పలేమని సమీక్షకులు రాశారు. ఐస్‌కూ జెల్ ప్యాడ్‌కూ పెద్ద తేడా కనిపించలేదు. బ్రెజిల్‌లోని సావో పాలో నర్సింగ్ పరిశోధకులు ఇంకో ఉపయోగకరమైన సంగతి తేల్చారు. ఇరవై నిమిషాలు అక్కర్లేదు, పది నిమిషాలు ఐస్ ప్యాక్ పెట్టినా చాలు, ఆ ఉపశమనం దాదాపు రెండు గంటలు నిలుస్తుంది. ఒక్క నర్సు ఇరవై మంది బాలింతలను చూసే వార్డుకు ఈ పది నిమిషాల లెక్క చాలా పెద్ద సంగతి.

2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు తర్వాతి సంరక్షణ మీద కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఐస్ ప్యాక్ గానీ చల్లటి ప్యాడ్ గానీ కాన్పైన తొలి గంటల్లో, రోజుల్లో ఇవ్వవచ్చని, అది తల్లి ఇష్టాన్నీ అందుబాటునూ బట్టి జరగాలని చెప్పింది. మాత్ర అవసరమైతే ముందు పారాసిటమాల్ అన్నది. తల్లి ఇష్టం అన్న షరతును చదివి ముందుకు పోకూడదు. మన ప్రాంతంలో అసలు కథంతా అక్కడే ఉంది.

బాలింత చుట్టూ మన ఇళ్లలో కట్టిన కోట అంతా వేడిదే. వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, చెవుల్లో దూది, తలకు గుడ్డ, కింద కుంపటి, సాంబ్రాణి పొగ, మిరియాల చారు, శొంఠి, కారప్పొడి. పెరుగు వద్దు, చల్లనీళ్లు వద్దు, కిటికీ తెరవొద్దు. ఆసుపత్రి కూడా ఈ కోటకు బయట లేదు. కుట్లమీద ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టి ఆరబెట్టడం మన నర్సింగ్ పాఠాల్లోనే ఉంది, గోరువెచ్చని నీళ్ల టబ్బులో బీటాడిన్ వేసి కూర్చోబెట్టడమూ ఉంది. అలాంటి చోట ఐస్ ముక్క పట్టుకుని నర్సు వస్తే అత్తగారు ఏమంటుంది?

"పచ్చి బాలింతకు ఐస్ పెడతరా బిడ్డా? సల్లటిది తాకితే సన్నిపాతమొస్తది."

ఈ మాటకు నవ్వే నర్సు ఓడిపోతుంది. ఆ అత్త తన కాలంలో కళ్లముందే ఎవరినో పోగొట్టుకుని ఉండవచ్చు. పురిటి జ్వరంతో తల్లి వణుకుతూ చనిపోయిన కాలంలో, యాంటీబయాటిక్ లేని ఊళ్లో, మంత్రసాని చేతిలో ఉన్న ఆయుధం వెచ్చదనం ఒక్కటే. వణుకు చలివల్ల వచ్చిందనుకున్నారు, వచ్చింది సూక్ష్మజీవుల వల్ల. అనుకున్న కారణం సరికాకపోయినా వాళ్ల ఆరాటం నిజమైనది. పైగా కాన్పైన తల్లిని వెచ్చగా ఉంచాలన్నది ఆధునిక వైద్యమూ ఒప్పుకునే మాటే. కాబట్టి జవాబు ఇలా ఉండాలి.

"నువ్వన్నది నిజమే అమ్మా, ఒళ్లు వెచ్చగనే ఉంచుదాం. దుప్పటి కప్పు, వేడి పాలు తాపు. వాచిన తావుల మాత్రం పదంటే పది నిమిషాలు పెడ్త. నువ్వు పక్కనే ఉండు, వద్దంటే తీసేస్త."

ఒళ్లు వెచ్చగా, గాయం చల్లగా. రెండూ ఒకే మంచంమీద కుదురుతాయి. రెండో రోజో మూడో రోజో వాపు తగ్గాక గోరువెచ్చని నీళ్ల టబ్బు మొదలుపెడితే అత్త పద్ధతికీ నర్సు పద్ధతికీ తగువే లేదు.

ఐస్ పెట్టడంలో దాచిన విద్య ఏమీ లేదు, చేయాల్సిన తీరు మాత్రం ఉంది. మరిగించి చల్లార్చిన నీళ్లు కొత్త గ్లవ్‌లో సగానికి పోసి, గాలి తీసి, మూతి గట్టిగా ముడివేసి, కారడం లేదని చూసి ఫ్రీజర్లో పెట్టాలి. పూర్తిగా రాయిలా గడ్డకట్టినది కన్నా కాస్త నలిగేట్టున్నది మేలు, ఒంటి వంపుకు ఒదుగుతుంది. నూలు బట్ట రెండు మడతలు చుట్టాలి. ఉతికి ఎండలో ఆరేసిన పాత చీర ముక్కైనా సరే. ఐస్ నేరుగా చర్మాన్ని తాకకూడదు, తాకితే చలికీ చర్మం కాలుతుంది. తల్లిని పక్కకు ఒరగబెట్టి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, వాపు మీద మెల్లగా ఆనించాలి. గడియారం చూసుకోవాలి. పది నిమిషాలకు తీసి చర్మం రంగు చూడాలి. తెల్లబడినా, తిమ్మిరెక్కినా మళ్లీ పెట్టకూడదు. ఆ బట్ట, ఆ గ్లవ్ ఇంకొకరికి వాడకూడదు. రెండు గంటలాగి, అడిగి, కావాలంటే మళ్లీ. నడుముకు మత్తు ఇచ్చి ఉంటే స్పర్శ తిరిగి వచ్చేదాకా ఆగాలి, ఎందుకంటే చలి ఎక్కువైందని చెప్పేది ఆ స్పర్శే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రీజర్ అనగానే టీకాల గది గుర్తొస్తుంది. ఐస్ ప్యాక్‌ను చెవి దగ్గర ఊపి లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే టీకాల పెట్టెలో సర్దే ఏఎన్ఎంలకు చలితో వ్యవహారం బాగా తెలుసు. అయినా ఆ ఫ్రిజ్, ఆ ప్యాక్‌లు టీకాలవి. వాటిని ఇంక దేనికీ ముట్టుకోకూడదు. బాలింతల వార్డుకు విడిగా ఒక చిన్న ఫ్రిజ్ ఉండాలి. నలభై అయిదు డిగ్రీల ఎండలు కాసే రామగుండం, జగిత్యాల వైపు ఆసుపత్రులకు ఇది ఆడంబరం కాదు. ఐస్ లేనిచోట మరిగించి కుండలో చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన బట్ట ముంచి పెట్టినా మంట కొంత చల్లారుతుంది.

మంచు మనకు కొత్త కాదు కూడా. అమెరికా సరస్సుల నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు నిలవచేయడానికి 1842లోనే మద్రాసు సముద్రతీరంలో ఐస్ హౌస్ కట్టారు. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండ్‌లో జేమ్స్ ఆర్నట్ అనే వైద్యుడు ఉప్పు కలిపిన మంచుతో నొప్పులు తగ్గించడం మొదలుపెట్టాడు. మద్రాసులో ఆ మంచు దొరల గ్లాసుల్లోకి వెళ్లింది.

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తే ఈ మాటలన్నీ మరోసారి తూచి చెప్పాల్సి వస్తుంది. 2016లో పాత జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్‌గా విడిపోయింది. చలికాలం తెలంగాణలో కనిష్ఠ ఉష్ణోగ్రతల వార్తలు వచ్చేది ఈ అడవి మండలాల నుంచే. వానాకాలం వాగు పొంగితే గర్భిణిని మంచంమీద మోసుకొచ్చిన వార్తలూ అక్కడివే. గోండి, కొలామీ మాట్లాడే తల్లి ఆదిలాబాద్ రిమ్స్ వార్డులో నొప్పి ఎంతుందో తెలుగులో చెప్పలేకపోవచ్చు. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలున్న పట్టీ చూపించి ఏ ముఖమో వేలు పెట్టమంటే సరిపోతుంది.

అంతకన్నా ముఖ్యమైనది రక్తం సంగతి. గోండు, కొలాం తదితర ఆదివాసీ సమాజాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఎర్రకణాలు కొడవలి ఆకారానికి వంగి సన్నని నాళాల్లో ఇరుక్కునే జన్యుపరమైన జబ్బు ఇది. అలసట, నీరు తగ్గడం, జ్వరంతోపాటు చలి కూడా ఆ ఇరుక్కుపోవడాన్ని రేపుతుంది. నాళాలు ముడుచుకోవడం మామూలు బాలింతకు మేలు, ఈ జబ్బున్న తల్లికి అదే ముప్పు. ఆమెకు ఐస్ పెట్టకూడదు. వెచ్చగా ఉంచడం, నీళ్లు బాగా తాగించడం, తగిన మందు ఇవ్వడమే ఆమెకు వైద్యం. చలి తాకనివ్వని గూడెం పెద్దమ్మ మాటలో ఈ ఒక్క సందర్భంలో వైద్యపరంగానూ నిజం ఉంది.

జబ్బు ఉండడం వేరు, లక్షణాన్ని మోసే వాహకులుగా ఉండడం వేరు. అది తేలేది పరీక్షతోనే. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలన్న లక్ష్యంతో జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు నుంచి వచ్చే ప్రతి గర్భిణి కేస్ షీట్లో ఆ కార్డు వివరం ముందే ఎక్కాలి. అది చూడకుండా ఐస్ అందుకున్న చేయి మంచి చేయబోయి చెడు చేసినట్టే. కరీంనగర్‌లో పనికొచ్చిన పద్ధతిని ఒక సర్క్యులర్‌తో ఆదిలాబాద్‌కు పంపితే చాలదనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఐస్ అన్నిటికీ మందు కాదని అందరికీ తెలియాలి. కాన్పైన గంటల్లో నొప్పి తగ్గకపోగా పెరుగుతూ పోతే, ఒకవైపు వాపు నీలంగా ఉబ్బుతుంటే, మలద్వారం మీద ఒత్తిడి అనిపిస్తే లోపల రక్తం గడ్డకడుతూ ఉండవచ్చు. అప్పుడు పెట్టాల్సింది ఐస్ కాదు, పిలవాల్సింది డాక్టరును. ప్యాడ్లు తడిసి ముద్దవుతున్నా, జ్వరం వచ్చినా, కుట్ల నుంచి వాసన వచ్చినా, మలం ఆపుకోలేకపోతున్నా అంతే. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువున్న ఒంట్లో కుట్లు నెమ్మదిగా మానతాయి. పప్పు, ఆకుకూర, గుడ్డు తిననివ్వకుండా బాలింతకు పత్యం పేరుతో కారం మెతుకులు పెట్టే ఇంట్లో ఏ ఐస్ ఏం చేస్తుంది?

ఇక అడగవలసిన మాటలు. 2017లో కేసీఆర్ కిట్ పేరుతో మొదలైన సంచిలో పదహారు వస్తువులు ఇచ్చారు. బిడ్డకు సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, బట్టలు, బొమ్మలు, తల్లికి చీరలు. సర్కారు దవాఖానాకు జనాన్ని రప్పించడంలో ఆ కిట్ చేసిన మేలు కాదనలేం. అలాంటి సంచిలో తల్లి గాయం కోసం ఒక వస్తువు చేరాలి. కడిగి మళ్లీ వాడుకునే జెల్ ప్యాడ్, దాన్ని చుట్టే రెండు నూలు గుడ్డలు. సిరిసిల్ల మగ్గాలున్న జిల్లాకు ఆ గుడ్డలు పెద్ద ఖర్చు కాదు.

కాన్పు గదుల నాణ్యత కోసం 2017 డిసెంబరులోనే కేంద్రం లక్ష్య కార్యక్రమం తెచ్చింది. కాన్పైన తల్లి కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉండాలన్నది ఇప్పటికే ఉన్న నియమం. ఆ 48 గంటలే చల్లదనం బాగా పనికొచ్చే గంటలు. నాడి, బీపీ, రక్తస్రావం రాసే కాగితంలోనే నొప్పికి ఒక గడి పెట్టవచ్చు. ఇంటికి వెళ్లాక మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, అలా నలభై రెండో రోజు దాకా ఆశా కార్యకర్త గడప తొక్కుతుంది. బిడ్డను తూకం వేస్తుంది, జ్వరం చూస్తుంది. అదే గడపలో, మగవాళ్లు పక్కకు వెళ్లాక, తల్లిని ఒక్కమాట అడగాలి: "కుట్లు ఎట్లున్నయి బిడ్డా, కూసోవస్తున్నదా?"

కరీంనగర్‌లో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లకు ఈ పని ఇదివరకే తెలుసు. వాళ్లను సాధారణ వార్డు డ్యూటీలకు, లెక్కలు రాసే బల్లల దగ్గరికి మళ్లించకుండా కాన్పు గదుల్లోనే ఉంచాలని, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రతి ప్రసూతి వార్డుకూ ఒక చిన్న ఫ్రిజ్, ఆదివాసీ ప్రాంతాల్లో ప్రతి కేస్ షీట్‌కూ సికిల్ సెల్ ఫలితం సమకూర్చాలని జిల్లా వైద్యాధికారులకు ఈ వేదిక విన్నవిస్తోంది.